నల్లా దగ్గర తారల పిల్ల

మా చిన్నతనంలో పళ్ళు ఎలా మొలిస్తే అలాగే జీవితాంతం ఉండిపోయేవి. ఎత్తు పళ్ళవాళ్ళు ఆ ఎత్తు పళ్ళతోనే పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, వాళ్ళకీ కాస్త ఎత్తు పంచిపెట్టి హాయిగా వెళ్ళిపోయేవారు. పంటి వరస బాగోలేదని డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళని నేనెరగను. పన్ను పీకించుకోవడానికి మాత్రం వెళ్ళేవారు, అదీ బుగ్గ బూరెలా పొంగి, లవంగాలూ ఉప్పు కాపడాలూ పక్కింటివాళ్ళ సలహాలూ అన్నీ అయిపోయాక. అలాంటి రోజుల్లో, అరవైల చివర్లో, నాంపల్లి మొత్తానికి పళ్ళకి తీగలు కట్టించుకున్న ఆడపిల్లని నేనొక్కదాన్నే అనుకుంటాను. (మగపిల్లలెవరైనా ఉన్నారేమో తెలీదు. ఉంటే వాళ్ళూ నాలాగే నోరు మూసుకుని తిరిగి ఉంటారు.) ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. కాని ఆ నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. అందుకే ఇది ఎవరికి చెప్పబోయినా మధ్యలో మాట మార్చేస్తుంటాను. ఈసారి మార్చను.

మాది తెనాలి దగ్గర పల్లె. రాష్ట్రం ఏర్పడగానే నాన్నగారి ఆఫీసు కర్నూలు నించి హైదరాబాదుకి తరలితే, ట్రంకుపెట్టెలూ రుబ్బురోలూ నేనూ ఆయన వెనకే తరలివచ్చాం. నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో, మధ్య వాకిలి ఉన్న పాత ఇంట్లో, మాకు రెండు గదుల వాటా దొరికింది. ఇల్లుగలవాళ్ళు తరతరాలుగా హైదరాబాదువాళ్ళు. ఆయనకి బేగం బజారులో చీపుళ్ళూ తాళ్ళూ బ్రష్షులూ టోకుగా అమ్మే దుకాణం. ఆవిడకి ఇద్దరూ మగపిల్లలే, పెద్దవాళ్ళై ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. మా అమ్మ చెప్పినట్టు నేను 'పిన్నిగారూ' అని పిలిస్తే, "పిన్నేందే? చిన్నమ్మ అను" అంది. అప్పట్నించీ ఆవిడ చిన్నమ్మ, ఆయన చిన్నాయన. అమ్మకి మాత్రం ఆ ఇంటి భాష అంతుపట్టడానికి చాలాకాలం పట్టింది. మొదటి రోజే చిన్నమ్మ వాకిట్లోంచి "నల్లా బంద్ జెయ్ అక్కా!" అని కేకేస్తే, అమ్మ వెళ్ళి ఇంట్లో ఉన్న నల్ల దుప్పటి తెచ్చి ఇచ్చిందట. నల్లా అంటే కుళాయి అని తెలిసేలోపు వాకిలంతా తడిసింది. ఆ అవమానం మనసులో పెట్టుకుని కాబోలు, నేను పొరపాటున 'గట్లనే' అంటే అమ్మ అట్లకాడ చూపించేది. అలా ఆ ఇంట్లోనే పెరిగినా నా నోట్లో అమ్మ మాటే నిలిచింది.

ఇక పళ్ళ సంగతి. నా పై పళ్ళు నాకంటే ముందు గదిలోకి అడుగుపెట్టేవి. మా నాయనమ్మ వాటిని 'కోరాము పళ్ళు' అనేది, కొబ్బరి కోరుకోవచ్చని. నేను పీయూసీలో చేరిన ఏడు, నాన్నగారి చిన్ననాటి స్నేహితుడి తమ్ముడు పైదేశంలో పళ్ళ చదువు చదివొచ్చి అబిడ్స్‌లో ఒక మేడ మీద క్లినిక్ పెట్టాడు. నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని మర్యాదకి చూడబోతే, నేను నమస్కారం పెట్టి నవ్వాను. అంతే. ఆ డాక్టరుగారి మొహం దీపావళి అయిపోయింది. "ఇన్నాళ్ళూ ఇలాంటి నోటి కోసమే చూస్తున్నానండీ!" అన్నాడు. ఎలాంటి నోరో చెప్పలేదు. మరో నెలకి నా ఒక్కొక్క పంటికీ ఒక స్టీలు ఉంగరం, ఆ ఉంగరాలన్నిటినీ కలుపుతూ ఒక తీగ.

కట్టడం అయ్యాక ఆయన అసలు పాఠం మొదలుపెట్టాడు. మా ఇంట్లో అప్పటిదాకా పళ్ళు తోముకోవడమంటే అరచేతిలో చిటికెడు పళ్ళపొడి, చూపుడువేలు, నాలుగు పుక్కిళ్ళు. ఆయన చెప్పింది వేరు. తిన్నప్పుడల్లా తోమాలి. తీగకి పైన ఒకసారి, కింద ఒకసారి, పళ్ళ వెనక ఒకసారి. బ్రష్షు ఏటవాలుగా పట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. అడ్డదిడ్డంగా రుద్దకూడదు. తీగ సందుల్లో మెతుకు నిలిస్తే, తీగలు విప్పేనాటికి పళ్ళన్నీ వరసగా ఉంటాయి గాని అన్నీ పుచ్చిపోయి ఉంటాయి. ఇదంతా చెప్పి, ఒక కొత్త బ్రష్షు తీసి, చిన్న కత్తెరతో దాని నడిమి వరస కుచ్చుల్ని పొట్టిగా కత్తిరించాడు. మధ్యలో కాలవలా పల్లం ఏర్పడింది. "తీగ ఈ కాలవలో నడుస్తుందమ్మా. అటూ ఇటూ ఉన్న కుచ్చులు పంటిని తోముతాయి" అన్నాడు. ఆ కాలవ బ్రష్షు పట్టుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే తగువు. ఆ వాకిట్లో ఉన్న ఒకే ఒక్క నల్లాలో నీళ్ళు వచ్చేది పొద్దున్న కాసేపు. నేను దాని పక్కన గొంతుక్కూచుని పైన, కింద, వెనక అని సున్నాలు చుడుతుంటే బిందెలు వరస కట్టాయి. చిన్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏం తోముతున్నవే పిల్లా, పండ్లా, గిన్నెలా? నీళ్ళు బంద్ అయితయి. జర జల్ది కానియ్!"

నోటినిండా నురగతో నేను ఏదో జవాబు చెప్పబోతే అది ఆవిడ బిందెలో పడింది. ఆ తర్వాత జరిగింది రాయను. చివరికి చిన్నమ్మ "ఏం పెట్టిన్రే నీ నోట్ల? తెరువు, సూస్త" అని నా గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. ఆమె కోపం ఎటు పోయిందో తెలీదు. "అయ్యో బిడ్డా! నోరంత తార్లు గట్టిన్రు గదనే!" అంది. వాళ్ళ మాటలో తార్ అంటే తీగ. ఆ రోజు నించి నేను 'తారల పిల్ల'ని. (అమ్మకి ఇదీ అర్థం కాలేదు. "ఆవిడ మనసు మంచిదే. పిల్లని నక్షత్రం అంటోంది" అని నాన్నగారితో చెప్పి మురిసిపోయింది. మేము దిద్దలేదు.)

ఆ తర్వాత చిన్నమ్మ నా పళ్ళని తన సొంత పనిగా పెట్టుకుంది. నాకు విడిగా ఒక ఇత్తడి చెంబు నీళ్ళు పట్టి పెట్టేది. నేను తోముకోవడం కాగానే "ఆఁ అను" అని పరీక్ష. "గీడ జూడు, తోటకూర. గాడ కందిపప్పు. నోట్ల మడి కట్టినవా ఏంది?" మళ్ళీ తోముకో. డాక్టరుగారు నెలకోసారి చూసి బిగించేవాడు, చిన్నమ్మ మాత్రం రోజూ చూసేది. కాలేజీలో నవ్వాల్సి వస్తే నేను చేత్తో నోరు మూసుకునేదాన్ని. అరచెయ్యి తియ్యకుండానే స్నేహాలు చేశాను, పాఠాలు అప్పజెప్పాను, ఆఖరికి పాటలపోటీలో పాడమంటే తలనొప్పి అన్నాను. పూర్తిగా నోరు తెరిచింది చిన్నమ్మ ముందొక్కచోటే.

ఒకసారి అమ్మ, నా బ్రష్షు నడుమ కుచ్చులు అరిగిపోయాయనుకుని, దాంతో చింతపండు వేసి కుందులు తోమేసింది. నేను గోల పెడితే చిన్నాయన "బ్రష్షుకు ఫికరేంది బిడ్డా, మన దుకాణమే బ్రష్షులది!" అని సాయంత్రానికి ఓ డజను తెచ్చాడు. అవి బట్టలు ఉతికే బ్రష్షులు. తప్పు తెలుసుకుని మర్నాడు సరైనవి తెచ్చి, తన మీసాల కత్తెరతో తనే కత్తిరించడానికి కూచున్నాడు. ఎంతో శ్రద్ధగా అటూ ఇటూ ఉన్న కుచ్చులు తీసేసి, నడిమి వరస నిలబెట్టాడు. చూస్తే బ్రష్షుకి పిలక పెట్టినట్టుంది. "ఉల్టా అయిందా?" అని ఆయనే పడీపడీ నవ్వాడు. రెండోది సరిగ్గా కుదిరింది. దాని మీద మాత్రం మీసం వెంట్రుకొకటి ఉంటే కడిగి వాడుకున్నాను.

అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ విడిగా కావాలని విద్యార్థులు రోడ్ల మీదకి వచ్చారు. వాళ్ళ కడుపుమంటకి కారణాలు ఉన్నాయని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. అప్పుడు తెలిసింది భయం ఒక్కటే. కాలేజీ మూసేశారు. రోజు మార్చి రోజు బంద్. మా వైపువాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు కట్టుకుని రైలెక్కుతున్నారు. నాయనమ్మకి బాగాలేదని నాన్నగారు తెనాలి వెళ్ళి రైళ్ళు సరిగా నడవక అక్కడే చిక్కుపడ్డారు. ఇంట్లో అమ్మా నేనూ. "బయటికి పోయి మాట్లాడకండ్రి అక్కా, మిగతాది నేను సూసుకుంట" అని చిన్నమ్మ మా కూరలు కూడా తనే తెచ్చిపెట్టేది. క్లినిక్‌కి వెళ్ళక రెండు నెలలు దాటింది. తీగ వదులై, దాని కొస దవడ పంటి దగ్గర ఊడి ముల్లులా లేచింది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం అలవాటుగా దవడ వైపు సున్నాలు చుడుతుంటే బ్రష్షు ఆగిపోయింది. లాగాను, రాలేదు. తిప్పాను, ఇంకా బిగిసింది. లేచిన తీగ కొస కుచ్చుల్లోకి దూరి కొక్కెంలా పట్టేసింది. నోరు మూతపడదు. బ్రష్షు పిడి చుట్టలా ఓ పక్కనించి బయటికి ఉంది. నురగ కారుతోంది. అమ్మ వచ్చి ఒక్క లాగు లాగింది. నేను పెట్టిన కేకకి స్టేషన్లో రైలు కదిలుంటుంది. చిన్నాయన మీసాల కత్తెర తెచ్చాడు, అది లోపలికి పట్టలేదు. "రంపంతోని పిడి కోస్తే?" అన్నాడు పాపం మంచి మనసుతో. నేను గదిలోకి పారిపోయి గడియ పెట్టుకున్నాను. బుగ్గ లోపల తెగి రక్తం రుచి తెలుస్తోంది.

తలుపు అవతల చిన్నమ్మ గొంతు. "తీయ్ బిడ్డా. అబిడ్స్ దాంక పోదాం. నేనొస్త."

"ఇవాళ బంద్ కదండీ! దారిలో ఎవరైనా పలకరిస్తే?" అంది అమ్మ ఏడుపు గొంతుతో.

"పలకరిస్తే నాతోని పలుకుతరు. దానికి నోరెక్కడున్నది?"

నేను గడియ తీశాక తన పాత నేత చీర ఒకటి నాకు కట్టి, కొంగు తల మీంచి తీసి మొహానికి అడ్డంగా చుట్టింది. ఆ కొంగు కింద బ్రష్షు పిడి గుడారపు కర్రలా నిలబడింది. నా చెయ్యి పట్టుకుని నడిపించింది. నాంపల్లి రోడ్డు నేనెప్పుడూ అంత నిశ్శబ్దంగా చూడలేదు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. రాళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అబిడ్స్ మలుపు దగ్గర టైరొకటి పొగలు కక్కుతుంటే, దాని చుట్టూ కాలేజీ కుర్రాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు. నేను వెనక్కి తిరగబోయాను. చిన్నమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని తిన్నగా వాళ్ళ వైపే నడిచింది.

"ఎటు వోతున్నరు పెద్దమ్మా? అంత బంద్ ఉన్నది" అన్నాడు వాళ్ళలో పొడుగాటి అబ్బాయి.

"దవాఖానకు బిడ్డా. పిల్ల నోట్ల బురుసు ఇరుక్కున్నది."

"ఏం ఇరుక్కున్నది?"

"బురుసు! పండ్లు తోముకునే బురుసు!" అంటూ చిన్నమ్మ నా కొంగు తప్పించింది.

ఆ క్షణంలో భూమి చీలితే బావుండుననుకున్నాను. అందరూ వంగి చూశారు. ఒకడు పెదవి కొరుక్కున్నాడు, ఇంకొకడు అటు తిరిగి భుజాలు కదుపుతున్నాడు. కాని వెనక నించి మరొకడు ముందుకొచ్చాడు. వాడి మొహంలో నవ్వు లేదు. "పేరేందమ్మా నీది? ఏడుంటరు?" అని నన్నే అడిగాడు.

నోట్లో బ్రష్షు లేకపోతే నేను తప్పకుండా మర్యాదగా 'మేమిక్కడేనండీ, స్టేషను వెనకాలండీ' అనేదాన్ని. ఆ రెండు 'అండీ'లు చాలు. కాని నా నోట్లోంచి వచ్చింది "ఆఁ... గాఁ..." అనే శబ్దమూ, కాస్త నురగా మాత్రమే.

"మాట రాకనే గదా దవాఖానకు తీస్కపోతున్న!" అంది చిన్నమ్మ.

"ఆంధ్రోళ్ళా?"

చిన్నమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "నా బిడ్డ. నా ఇంట్ల నా కండ్ల ముందట పెరిగింది. దాని నోట్లకెల్లి నెత్తురొస్తున్నది, నువ్వు ఊరు పేరు అడుగుతున్నవా? నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

ఆ కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు. పొడుగాటి అబ్బాయి దారి ఇస్తూ, "మెయిన్ రోడ్డు మీద పోలీసులున్నరు పెద్దమ్మా, గీ గల్లీలకెల్లి పోండ్రి" అని, చెప్పి ఊరుకోక, తనే ముందు నడిచి గల్లీ చివరిదాకా దిగబెట్టాడు. వెళ్ళేముందు నా వైపు చూసి, "జర పైలం చెల్లే" అన్నాడు, జాగ్రత్తగా ఉండమని.

క్లినిక్ మూసి ఉంది. డాక్టరుగారు పై కిటికీ రెక్క కాస్తంత తెరిచి తొంగిచూసి మళ్ళీ మూసేశాడు. ఆయనా మా వైపువాడే మరి. "డాక్టర్ సాబ్! నీ తార్లు నువ్వే సూస్కోవాలె, దిగిరా!" అని చిన్నమ్మ రోడ్డు మీంచి అరిస్తే ఆయనకి ధైర్యం వచ్చిందో, అరుపు ఆపించాలనిపించిందో, గబగబా దిగి తలుపు తీశాడు. చిన్న పట్టకారుతో నొక్కి ఒక్క తిప్పుతో కొస విడిపించి, బ్రష్షుని పైకి తీసి చూపించాడు. ఇంత యాతనకీ అరనిమిషం పట్టలేదు. నోరు మూతపడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నమ్మతో ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ నా పెదవుల మీద చెయ్యి పెట్టింది.

"ఇంటికి పోయెదాంక మాట్లాడకు బిడ్డా."

ఇంటికి వెళ్ళాక అమ్మ ఏడుస్తూ ఆవిడ చేతులు పట్టుకుంది, కాఫీ ఇచ్చింది. "చాయ్ లేదా అక్కా?" అంటూనే ఆవిడ ఆ కాఫీ తాగింది. వాకిలంతా జనం. చిన్నాయన ప్రతివాళ్ళకీ బ్రష్షు కథ చెప్తున్నాడు. ఆ హడావిడిలో నేను చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోయింది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. పక్క వాటాలోనే కదా ఉంటాం.

ఆ వారంలోనే నాన్నగారు వచ్చారు, గుంటూరుకి బదిలీ రాయించుకుని. చిన్నమ్మ ఆయనతో పోట్లాడింది. "నేనున్న గద అన్నా, మిమ్ములనెవరేమంటరు?" నాన్నగారు తలొంచుకుని, "మీరున్నారమ్మా, రోడ్డంతా మీరే ఉండరు కదా" అన్నారు. వెళ్ళే రోజు పొద్దున్న చిన్నమ్మ ఒక డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూత తీస్తే పిండి. "సకినాలు చేసిన. నీ తార్లకు గట్టిగుంటయని దంచి పెట్టిన. చెంచాతోని తిను. తిన్నంక తోముకో" అంది. రిక్షాలో సామాన్ల మధ్య కూచుని నేను మళ్ళీ నోరు తెరిచాను. ఏడుపు వచ్చి, అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రిక్షా కదిలింది. ఆ సకినాల పిండి గుంటూరుదాకా తింటూనే ఉన్నాను. కన్నీళ్ళతో తింటే పొడిపిండి కూడా తీగలకి అంటుకుంటుందని అప్పుడే తెలిసింది.

గుంటూరులో తీగల పళ్ళు చూసిన డాక్టరే లేడు. ఒకాయన మొహమాటంగా పట్టకారు పెట్టి మొత్తం ఊడదీశాడు. సగం దారిలో వదిలేసిన పళ్ళు కొన్ని సర్దుకున్నాయి, ముందు పన్నొకటి తన పాత చోటికి బయల్దేరి మధ్యలో అలసి ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చిన్నమ్మకి చదువు లేదు, చిన్నాయనకి వచ్చింది ఉర్దూ, మాకు అది రాదు. కబుర్లు అలా తెగిపోయాయి. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల డెబ్భైల చివర్లో నేను మళ్ళీ హైదరాబాదు చేరాను. సామాను విప్పకముందే నాంపల్లి సందుకి పరిగెత్తాను. ఆ ఇంటి స్థానంలో లాడ్జి లేచింది. ఎదుటి పాన్ డబ్బా ఆయన, "ఇంటాయన గుజర్ గయా అమ్మా, సచ్చిపోయి శాన దినాలైంది. ఆమెను కొడుకు తీస్కపోయిండు. ఏ ఊరో ఎరుక లేదు" అన్నాడు. బేగం బజారులో అడిగాను. దుకాణం చేతులు మారింది. ఊరు తెలిసినవాళ్ళు దొరకలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాలు వంగి చూస్తుంటే, వెనక నించి "జర జరుగు బిడ్డా" అని ఒక గొంతు. గిర్రున తిరిగాను. ఎవరో పెద్దావిడ, చేతిలో సంచీ. చిన్నమ్మ కాదు, పోలిక కూడా లేదు. కాని నా మొహం నన్నడక్కుండానే నవ్వేసింది, వంకర పన్నుతో సహా, నోరారా. ఆవిడ కాస్త తికమకపడి తనూ నవ్వింది.

"నేనెరుకనా బిడ్డా నీకు?"

"ఎరుక లేదమ్మా. ఊకెనే నవ్విన" అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. మా ఆయన పుస్తకంలోంచి తలెత్తి నన్ను వింతగా చూశారు. "ఈ మాటలు ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"ఆలస్యంగా నేర్చుకున్నానండీ" అన్నాను.